ఆదివారం నాటి గైర్హాజరు

ముంచింగిపుట్టు,
16 ఏప్రిల్ 2024.

అక్క సోనికి,

ప్రభువు నామమున వందనములు. నేను క్షేమం. నీ క్షేమం అడగడం పద్ధతి కనుక అడుగుతున్నాను. నాకు అందిన సమాచారాన్ని బట్టి నీ ఒంటికి బాగానే ఉంది, ఆత్మకే బాగాలేదు.

మొన్న గురువారం నువ్వు గుట్ట ఎక్కి, సిగ్నల్ పట్టుకొని ఫోను చేసినప్పుడు నేను అడిగింది ఒక్క ప్రశ్న. దానికి నువ్వు అరిచావు, నేను ఫోను పెట్టేశాను. అరుపులకు జవాబు చెప్పే అలవాటు నాకు లేదు. ఇరవై ఏడేళ్ళ వయసులో పగలంతా రోడ్డు పనిలో కంకర మోసి, చీకటి పడ్డాక రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకున్నవాణ్ణి. విషయం తేలాలంటే కాగితం మీద పెట్టాలని అక్కడే నేర్చుకున్నాను. ఈ ఉత్తరాన్ని సంత జీపు డ్రైవరు చేతికి ఇస్తున్నాను. జవాబు కూడా అదే జీపులో పంపగలవు.

గడిచిన నాలుగు ఆదివారాలు నువ్వు ఆరాధనకు రాలేదని ఉపదేశి పైడయ్య నాకు తెలియజేశాడు. అంతవరకే అయితే జ్వరమేమో అనుకునేవాణ్ణి. కానీ గింజలు పోగుచేసే చిట్టి చెప్పింది వేరు. మన సంఘంలో ప్రతి ఇల్లాలూ పొయ్యి మీద కుండ పెట్టేముందు ఒక పిడికెడు గింజలు తీసి వేరే ముంతలో వేస్తుంది. వారం రోజుల్లో నిండిన ఆ ముంత ఆదివారం దేవుని మందిరానికి వస్తుంది. ఇన్నేళ్ళలో నీ ముంత ఒక్క వారం కూడా తప్పలేదు. ఇప్పుడు అదే ముంత, సరిగ్గా పాటలు మొదలయ్యే వేళకు, దిసారి భీముడి ఇంట్లోకి వెళుతోందట. గింజలతో పాటు పసుపు, పసుపుతో పాటు కోడిగుడ్డు!

ఇది చైత్రమాసం. ఇటుకల పండుగ జరిగే రోజులు. పాత దేవతలను కొలిచేవాళ్ళు పిడికెడు విత్తనాలు తమ పూజారి అయిన దిసారి ఇంటికి తీసుకెళ్ళి, ఊరి విత్తనాలన్నిటితో కలిపించి, మంత్రింపజేసి, పొలానికి తెచ్చుకునే రోజులు. గింజలు, పసుపు, గుడ్డు కలిసి ఈ నెలలో ఆ గడప దాటితే దాని అర్థం ఏమిటో నువ్వు నాకు చెప్పనక్కరలేదు. మనిద్దరం ఆ ఊళ్ళోనే పుట్టాం.

ఆరాధన అంటే ఆదివారం గంటన్నర మాత్రమే కాదనీ, వారమంతా బతికే తీరు అనీ మీ అందరికీ ఎన్నోసార్లు బోధించాను. పిడికిలి ముంత ఉన్నది అందుకే. వండిన ప్రతిసారీ దేవుణ్ణి తలచుకోవడానికి. ఆ పిడికిలి వేరొక గడపలో తెరుచుకుంటే, వారం పొడవునా నువ్వు తలచుకున్నది ఎవరిని?

సంజాయిషీ రాతపూర్వకంగా పంపు.

క్రిస్మస్‌కు నేను మన మందిరానికి ఇచ్చిన మైకు సెట్టు అవతలి గుట్ట వరకూ వినిపిస్తోందని పైడయ్య చెప్పాడు. సంతోషం. నువ్వు లోపల లేకపోయినా వాక్యం నీ చెవిన పడుతూ ఉండాలి.

నీ తమ్ముడు,
కొర్రా ఫల్గుణ, బి.ఏ.,
సంఘ కార్యదర్శి.


నేరేడుపుట్టు,
ఏప్రిల్ 22.

బి.ఏ. సదివిన తమ్ముడికి ఐదో తరగతి సదివిన అక్క రాత్తన్నది.

నీ ఉత్తరం అందింది. డ్రైవరు దాన్ని ఉల్లిపాయల బస్తా మీద పెట్టి తెచ్చాడు. కాయితం నిండా ఉల్లి వాసనే. సదువుతుంటే కళ్ళంట నీళ్ళొచ్చాయి. నువ్వు రాసినదానికి ఏడిసాను అనుకోకు.

సంజాయిషీ అంటే ఏటని చిట్టినే అడిగాను. తప్పు సేసినోళ్ళు ఇచ్చుకునేదంట. అయితే నా కాడ లేదు. వేరే ఇంట్లో అడుగు.

అవును, ఎల్లాను. గింజలు అట్టుకెళ్ళాను. గుడ్డు అట్టుకెళ్ళాను, నా కోడి పెట్టిందే, మీ కమిటీ కోడి కాదు. భీముడి ఒంటికి పసుపు నా సేత్తోనే పూసాను. వచ్చే ఆదివారం కూడా పూత్తాను. ఇంకేటి కావాల నీకు? అన్నీ నీకే తెలుసునని రాసావు గదా, మళ్ళీ నన్ను అడగడం దేనికి?

పొలం నాది. గింజ నాది. మడిసిన వేళ్ళు నావి. అవి ఎక్కడ తెరవాలో నాకు తెలుసు.

నన్ను నిలదీయడానికి నీకు నోరుంది గాని రావడానికి కాళ్ళు లేవు. క్రిస్మస్‌కి వచ్చావు, మైకు ఇచ్చావు, పెట్టె పక్కన ఫొటో దిగావు, మాంసం కూర తిన్నావు, సీకటి పడకుండా జీపెక్కావు. నా ఇంటి గడప తొక్కావా? మీ బావ పోయి మూడేళ్ళయింది. పైకప్పు ఎవుడు నేసాడో అడిగావా?

కాఫీ పూతకి వాన పడింది, తోట తెల్లగా ఉంది. మన సెట్టు పనసకాయ ఒకటి నీకు పంపుదామని కోసి పెట్టాను. నీ ఉత్తరం సదివాక పంపబుద్ధి కాలేదు. పక్కింటోళ్ళకి ఇచ్చేసాను.

నీ మైకు వినిపిత్తంది. బాగానే వినిపిత్తంది. అదే గదా రోగం.

నీ ముక్కు తుడిసి పెంచిన అక్క,
సోని.


ముంచింగిపుట్టు,
30 ఏప్రిల్ 2024.

శ్రీమతి పాంగి సోని గారికి,

మీ 22వ తేదీ ఉత్తరం అందినది. నాలుగు ఆదివారాల గైర్హాజరునూ, దేవునికి వేరు చేసిన గింజలను దిసారి ఇంటికి మళ్ళించడాన్నీ, సదరు దిసారి శరీరానికి పసుపు పూయడాన్నీ మీరు స్వహస్తంతో అంగీకరించారు. విచారం వ్యక్తం చేయలేదు. పైపెచ్చు ఇకముందు కూడా చేస్తానని రాశారు. మీ ఉత్తరాన్ని 28వ తేదీన కమిటీ ముందు చదివి వినిపించాను. ఉల్లిపాయల వాక్యం వదిలేశాను.

కార్యదర్శిగా రాయవలసింది ఇంతే. తమ్ముడిగా ఇంకొక్క మాట.

దేవతకు నైవేద్యం పెట్టావంటే అర్థం చేసుకునేవాణ్ణి. భయం మనిషి చేత చాలా చేయిస్తుంది. కానీ దిసారి ఒంటికి పసుపు పూయడమా? ఎవరి ఒంటికి? 1982లో నాన్న బాప్తిస్మం తీసుకొని వచ్చిన నెలలో, ఊరందరిలాగే విత్తనాల బుట్ట ఎత్తుకొని వెళితే, వాకిట్లో నిలబెట్టి తిప్పి పంపినవాడు భీముడు. మన గింజ ఊరి గింజలో కలవదన్నాడు. కలవని గింజ వేసిన పొలంలో ఎవరూ కాలు పెట్టలేదు. నాన్న ఒక్కడే దున్నాడు, ఒక్కడే చల్లాడు, అదును దాటిపోయింది. ఆ వానాకాలం అడవి దుంపలూ, మామిడి టెంకల అంబలీ తిన్నాం. అమ్మకు పాలు ఎండిపోయాయి. మన చిన్న చెల్లి ఆ వానాకాలం దాటలేదు.

అప్పుడు నాకు ఆరేళ్ళు, నీకు పన్నెండు. నాకే గుర్తుంటే నీకు ఎలా గుర్తులేదు?

ఇట్లు,
కొర్రా ఫల్గుణ,
సంఘ కార్యదర్శి.


నేరేడుపుట్టు,
మే 8.

ఒరే ఫల్గుణా,

మీరు, గారు అని రాసావు. సదివి ఎవరికో వచ్చిన ఉత్తరం అనుకొని మడత పెట్టేసాను. మళ్ళీ పేరు సూసి తెరిసాను.

నీకు రాసింది పదిమందిలో సదివావా? పైగా ఉల్లిపాయల ముక్క వదిలేసావా? అందులో నవ్వొచ్చే మాట అదొక్కటే గదరా.

ఇప్పుడు సెప్తాను, విను. సంజాయిషీ కాదిది, సంగతి.

భీముడు పుష్యమాసంలో జీలుగు సెట్టు మీంచి పడ్డాడు. కల్లు కుండ దింపుతూ పడ్డాడు. తుంటి ఇరిగింది. అప్పట్నుంచి మంచం మీదే. పెళ్ళాం ఎప్పుడో పోయింది. కొడుకు ఇటుక బట్టీల పనికని దిగువకి ఎల్లి మళ్ళీ రాలేదు. ఆడి దేవతని కొలిసేవోళ్ళు పక్కూరి కుర్ర దిసారిని సూసుకున్నారు. నడవలేని దిసారి దేవత కాడికి ఎల్లలేడు, ఆడి సేత విత్తనం ఎవుడూ కలిపించడు. ఆ మాత్రం తెలీదేటి నీకు? ఊళ్ళో పుట్టావు గాని మర్సిపోయావు.

మిగతా రోజుల్లో మా వీధి ఆడోళ్ళు ముగ్గురు వంతులేసుకొని పొద్దుట అంబలి పోసి, గుడ్డ మార్చి పనికెల్తారు. ముగ్గురూ మన మందిరపోళ్ళే. ఆదివారం ముగ్గురూ పొద్దుటే తలంటుకొని మందిరంలో కూసుంటారు. ఆదివారం ఆడికి వంతు లేదు.

ఆడి ఇల్లు మన మందిరం గోడకి ఆనుకొని ఉంటాది గదా. మార్చి నెల్లో ఒక ఆదివారం ప్రార్థన జరుగుతుంటే గోడవతల నుంచి కేక. నీళ్ళు, నీళ్ళు అని. అందరం విన్నాం. కళ్ళు మూసుకొనే విన్నాం. పైడయ్య కళ్ళు తెరిసి సూసాడు, లేసాడు. ఎల్లి నీళ్ళిత్తాడేమో అనుకున్నాను. నువ్విచ్చిన పెట్టె కాడికి ఎల్లి మైకు పెంచాడు.

నానూ పాడానురా. ఒక చరణం పాడాను. రెండోది నోట్లోంచి రాలేదు. లేసి ఎల్లిపోయాను.

శనివారం పొద్దుట మార్చిన గుడ్డ. ఆదివారం ఎండెక్కేదాకా అందులోనే ఉన్నాడు. ఈపు మీద అరసెయ్యంత పుండు. అందులో ఏటుందో రాయను, నువ్వు అన్నం తింటూ సదువుతావేమో. పసుపూ, వేపాకూ నూరి పెట్టాను. మా ఊరు తిరిగే నర్సమ్మ సూసి, ఒంట్లో సత్తువ లేదు, గుడ్డు పెట్టండి అంది. గింజలు అంబలికి. ఇదీ నా ఇటుకల పండగ. చిట్టి గుమ్మం కాడ నుంచి సూసి ఎల్లిపోయింది, లోపలికొచ్చి ఏటని అడగలేదు. నువ్వూ అంతే.

ఆడంటే నాకు ప్రేమేటీ లేదు. కిరస్తానీ దెయ్యమా అని తిడతాడు. అంబలి నా మీదే ఉమ్ముతాడు. ఒకసారి సెంప మీద ఒకటిచ్చాను. ఆ సంగతి దేవుడికి సెప్పుకున్నాను, ఆడికి సెప్పుకోలేదు.

సెల్లి గురించి రాసావు. గుర్తులేదా అన్నావు. అది నా ఒళ్ళోనే పోయింది. అమ్మ దుంపలకి అడివికెల్లింది, నాన్న పొలంలో. నువ్వు బయట ఆడుకుంటున్నావు. నీకది ఇన్న కథ, నాకు ఒళ్ళో బరువు. ఇంకెప్పుడూ గుర్తుందా అని అడగకు.

ఆడి ఒళ్ళు కడుగుతుంటే గోడవతల పాట వినిపిత్తది. నానూ పాడతాను. నోర్ముయ్యమంటాడు. ముయ్యను.

సోని.


ముంచింగిపుట్టు,
14 మే 2024.

అక్కకు,

నీ ఉత్తరం 13వ తేదీ సాయంత్రం నా చేతికి అందింది. కమిటీ 12న కూర్చుంది. ఆ తీర్మానం ఇది: నువ్వు 26వ తేదీ ఆదివారం ఆరాధనలో లేచి నిలబడి, దేవుని గింజలను మళ్ళించినందుకూ, ఆరాధన మానినందుకూ తప్పు ఒప్పుకోవాలి. లేనిచో నీ పేరు సభ్యుల జాబితా నుంచి తొలగించబడుతుంది. తిరిగి చేర్చుకునే వరకు ప్రభు బల్ల రొట్టెలో నీకు భాగం ఉండదు. పాస్టరు గారూ, మరో ఇద్దరూ సంతకాలు చేశారు. నాలుగో సంతకం నాది.

నువ్వు రాసిన సంగతులు ముందే రాసి ఉంటే బాగుండేది. మొదటి ఉత్తరంలో ఎగతాళి రాసి, రెండో ఉత్తరంలో వాస్తవం రాశావు. కమిటీ చేతిలో ఉన్నది మొదటిదే.

అయినా కొన్ని అడుగుతాను. రోగికి సేవ చేయడాన్ని ఎవరూ కాదనరు. కానీ సరిగ్గా ఆరాధన వేళకే చేయాలా? ఆరు గంటలకు వెళ్ళి, తొమ్మిదికల్లా మందిరంలో ఉండలేవా? అంబలికి నీ గాదెలో వేరే గింజలు లేవా? ఈ రోజు ఇక్కడికి వచ్చిన పైడయ్యను అడిగాను. ఆ రోజు రేకుల మీద వాన చప్పుడు ఎక్కువగా ఉండి మైకు పెంచానన్నాడు. మార్చిలో వానా అని నేను అడగలేదు. అడగవలసింది.

తీర్మానం వెనక్కి తీసుకోవాలంటే కమిటీ మళ్ళీ కూర్చోవాలి. కూర్చోమని నేను అడగాలి. అడిగితే కార్యదర్శి తన అక్క కోసం అడిగాడంటారు. పదకొండు ఊళ్ళ సంఘాల్లో పెద్దల కొడుకులకూ, కూతుళ్ళకూ ఇదే నియమం నేను అమలు చేశాను. నా ఇంటి దాకా వచ్చేసరికి మడిచి జేబులో పెట్టుకున్నాననిపించుకోలేను. కంకర మోసినవాణ్ణి ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టింది నేను నియమం తప్పననే పేరే.

లేచి నిలబడి రెండు వాక్యాలు చెప్పు. అక్కడితో అయిపోతుంది.

ఫల్గుణ.


నేరేడుపుట్టు,
మే 20.

తమ్ముడికి,

ఆరింటికి ఎల్లొచ్చు గదా అన్నావు. ఊట కాడి నుంచి నీళ్ళు మొయ్యాల, కాయాల. ఆడు ఎముకల గూడే గాని ఎత్తితే బండరాయి. ఒక పక్క తిప్పి కడిగి, ఆరబెట్టి, మందు రాసి, రెండో పక్క తిప్పాల. నానొక్కదాన్నే. మధ్యలో నడుం పట్టేత్తే గోడకి ఆనుకొని కూసుంటాను. పదవుతాది. నీ గడియారం తెచ్చి ఆడి మంచం కోడుకి కట్టు, బేగి అవుతాదేమో సూద్దాం.

గాదెలో వేరే గింజలు లేవా అన్నావు. ఉన్నాయి. కుండ పెట్టేముందు దేవుడా అనుకొని తీసిన గింజలు ఇవి. ఆకలితో ఉన్నోడికి అవే పెట్టాలనిపించింది. తప్పైతే దేవుడే అడుగుతాడు, చిట్టి ముంత సరిపోలేదని కాదు.

ప్రభు బల్ల ఊసు రాసావు. మిగతాదంతా కోపంతో సదివాను, ఆ ముక్క కాడ ఆగిపోయాను. నలబై ఏళ్ళుగా నెల మొదటి ఆదివారం నాకు అదే. పురిట్లో ఉన్నప్పుడు తప్పితే మానలేదు. మీ బావని మట్టి సేసిన నాలుగో రోజు కూడా ఎల్లాను. ఇంట్లో నోట్లో మెతుకు పెట్టుకోలేకపోయాను గాని అక్కడ రొట్టె ముక్క మింగగలిగాను. ఆ బల్ల కాడ ఎవుడూ నన్ను నువ్వెవుత్తివి అని అడగలేదు. అది తీసేత్తే నాకేటి మిగుల్తాదో ఈ బూమ్మీద తెలిసినోడివి నువ్వొక్కడివే. తెలిసే సంతకం పెట్టావు.

రెండు వాక్యాలు సెప్పమన్నావు. సెప్పను. తప్పని నానంటే, ఆ ముగ్గురాడోళ్ళు ఆడికి పోసే అంబలి కూడా తప్పే అవుతాది. సోమవారం నుంచి అదీ మానేత్తారు.

నాన్న బుట్టని భీముడు తిప్పి పంపాడు. నా పేరుని నువ్వు తిప్పి పంపుతున్నావు. ఇద్దరిలో పెద్ద దిసారి ఎవరో నువ్వే తేల్సుకో.

ఇరవై ఆరున నాను ఆడి ఇంట్లో ఉంటాను. ముందు వచ్చి సూడు. సూసాక సదువుకో నీ కాయితం.

సోని.


ముంచింగిపుట్టు,
28 మే 2024.

అక్కకు,

నేను వచ్చాను. చూశాను. చదివాను. ఆ మూడూ నీకు తెలుసు. ఎందుకు అలా జరిగిందో నీకు తెలియదు కనుక రాస్తున్నాను.

తొమ్మిదికి పది నిమిషాల ముందు భీముడి గుమ్మంలో నిలబడ్డాను. నువ్వు అతన్ని పక్కకు ఒత్తిగించి, వీపు మీద నీళ్ళు పోస్తున్నావు. నా వైపు తిరగకుండానే “గుమ్మం కాడ నిలబడకు, ఎలుతురు అడ్డం” అన్నావు. ఆ వీపు నేను చూశాను. నీ ఉత్తరంలో నువ్వు తక్కువ చేసి రాశావు.

నా జేబులో తీర్మానం కాగితం ఉంది. దాన్ని చించేయాలన్న ఆలోచన ఆ గుమ్మంలో నాకు వచ్చింది. దేవుని యెదుట చెబుతున్నాను, వచ్చింది. అప్పుడే అతను తల తిప్పి నన్ను చూశాడు.

“ఎవుడ్రా? కొండడా?” అన్నాడు.

నన్ను నాన్న అనుకున్నాడు. కొండడు కాదు, కొండడి కొడుకుని అన్నాను.

“బుట్ట ఎనక్కి అట్టుకెళ్ళమన్నానా లేదా? నీ గింజ మా గింజలో కలవదు.”

“నాన్న పోయి పద్నాలుగేళ్ళయింది,” అన్నాను.

“ఎవుడు పోతే నాకేటి? బుట్ట తియ్యి వాకిట్లోంచి.”

నువ్వు నవ్వావు అక్కా. తడి గుడ్డ పిండుతూ నవ్వావు. ఆ నవ్వు నా మీద అనుకున్నాను. ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాను.

అక్కడి నుంచి మందిరం గుమ్మానికి ఇరవై అడుగులు. ఆ ఇరవై అడుగుల్లో నేను మళ్ళీ ఆరేళ్ళవాణ్ణయ్యాను. లోపలికి వెళ్ళి, మైకు ముందు నిలబడి, తీర్మానం ఒక్క అక్షరం తప్పకుండా చదివాను. అతను ఇంకేదైనా మాట అని ఉంటే ఏం చేసేవాణ్ణో చెప్పలేను. నియమం కోసమే చదివానని కమిటీకి చెప్పాను. నీకు ఆ మాట చెప్పలేను.

నీ పేరు చదివాక చిట్టి కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. అప్పుడే గోడ అవతలి నుంచి నీ గొంతు వినిపించింది. “తిరుగు, ఈ పక్కకి తిరగరా ముసలోడా” అంటున్నావు. అందరూ విన్నారు. పాట మొదలుపెట్టమని పైడయ్యకు చెప్పాను.

మైకు పెంచమని మాత్రం చెప్పలేదు.

ఫల్గుణ.


పాడేరు ఆస్పత్రి,
జూన్ 26.

ఫల్గుణకి,

నీకు మళ్ళీ రాయకూడదని ఒట్టు పెట్టుకున్నాను. నెలరోజులు నిలబెట్టుకున్నాను. ఈ జొరం నా సేత ఒట్టు తప్పించింది. మలేరియా అన్నారు. సెలైను ఎక్కిత్తన్నారు. కుడిసేతికి సూది, ఎడంసేత్తో రాత్తన్నాను. అక్షరాలు వంకరగా ఉంటే నీ రాత్రి బడి పంతులిలాగ ఎర్రసిరాతో దిద్దకు.

జూన్ మొదటి ఆదివారం ఊళ్ళోనే ఉన్నాను. గోడ ఇవతల కూసుని, రొట్టె ఇరిసేటప్పుడు పాస్టరు గోరు ఏటి సెప్తారో అంతా విన్నాను. అంతకన్నా రాయను.

ఈ ఆదివారం ముప్పయ్యో తారీకు. ఆడికి ఎవరూ లేరు. ఊరు నుంచి వచ్చేముందు చిట్టిని అడిగాను. వత్తాను అనే అంది. మళ్ళీ వచ్చి, పేరు తీసేత్తారేమో అత్తా అని కాళ్ళట్టుకుంది. ఈ బయం దానికి పెట్టింది నువ్వే. పైడయ్యని నాను అడగను.

నిన్నూ అడగటం లేదు. నీకు తెలియాల, అంతే. తెలిసాక నీ ఇష్టం, నీ కమిటీ ఇష్టం.

నీళ్ళు మరీ వేడి పనికిరావు. ముందు ఎడమ పక్కకి తిప్పాల, కుడి తుంటి ఇరిగింది. అంబలి పల్సగా ఉండాల. తిడతాడు. తిట్టనీ.

సోని.


నేరేడుపుట్టు,
7 జూలై 2024, ఆదివారం.

అక్కకు,

ఈ ఉత్తరం నీ మంచం మీద కూర్చొని రాస్తున్నాను. నీ ఇంటి తాళంచెవి చిట్టి ఇచ్చింది. పైకప్పు చూశాను. ఎవరు నేశారో గాని వాయవ్య మూల సరిగా నేయలేదు, కారుతోంది.

పోయిన ఆదివారం, అంటే 30న, నేను ఏడు గంటలకు భీముడి ఇంటికి వెళ్ళాను. అలవాటు లేని పని. ఎడమ పక్కకే తిప్పాను. నువ్వు రాసిన క్రమం తప్పలేదు. అయినా నీళ్ళు మంచం మీద సగం, నా పంచె మీద సగం పడ్డాయి. తొమ్మిదిన్నరకు ఒక పక్కే పూర్తయింది. నువ్వు పాడుతూ చేశానని రాశావు. నేనూ పాడదామని చూశాను. ఊపిరి చాలలేదు.

అతను రెండు అడుగుల దూరంలో ఏదో అడుగుతున్నాడు, నాకు వినపడలేదు. నేను ఇచ్చిన మైకు గోడ ఇవతల ఎలా మోగుతుందో నాకు అంతవరకు తెలియదు. తడి చేతులతోనే మందిరం గుమ్మం దాకా వెళ్ళి, పైడయ్యను సైగ చేసి పిలిచాను. తగ్గించమన్నాను.

“మీరిచ్చిందే గదండి కార్యదర్శి గారూ. వాడకపోతే మీరే కోప్పడతారని,” అన్నాడు.

“తగ్గించు,” అన్నాను. తగ్గించాడు.

తిరిగి వచ్చి ఏం కావాలని అడిగాను. “నీ సేతులు బండ. సోనిని పిలు,” అన్నాడు. సోని ఆస్పత్రిలో ఉందన్నాను. “సచ్చిందా?” అన్నాడు. లేదన్నాను. “అయితే వత్తాది,” అని అంబలికి నోరు తెరిచాడు. రెండో ముద్ద నా చొక్కా మీద ఉమ్మాడు.

ఇదే ఆరాధన అని నేను ఒప్పుకున్నట్టు అనుకోకు. నాకు అక్కడ ప్రభువు కనిపించలేదు. మలం వాసన, పుండు, నలభై ఏళ్ళుగా నేను ద్వేషించిన ముఖం, ఇవే కనిపించాయి. కానీ మధ్యలో లేచి వెళ్ళిపోవడానికి ఎంత వెతికినా నాకు ఒక్క కారణం కూడా కనిపించలేదు. చెల్లిని తలచుకున్నాను. అది కూడా చాలలేదు.

ఈ వారంలో పాస్టరు గారు, కార్యదర్శి గైర్హాజరుకు కారణం రాతపూర్వకంగా తెలపమని చీటీ పంపారు. ఈ రోజు నెల మొదటి ఆదివారం. గోడ అవతల బల్ల వేశారు. ఇవతల నేను వేపాకు నూరాను. నువ్వు జూన్‌లో విన్నదంతా ఈ రోజు నేనూ విన్నాను. దాని గురించి నేను కూడా అంతకన్నా రాయను. నీ ఇంటికి వచ్చి పాస్టరు గారికి జవాబు రాశాను. రేపు జీపులో వెళుతుంది. నకలు నీకోసం కింద రాస్తున్నాను.

“పాస్టరు గారికి. జూన్ 30, జూలై 7 ఆరాధనలకు నేను హాజరు కాలేదు. ఆ వేళ దిసారి భీముడికి ఒళ్ళు కడగవలసి ఉంది. నా చేతిలో ఉన్న దేవుని గింజలు కూడా అతని అంబలికే వాడాను. ఇదే కారణంతో గైర్హాజరై, ఇదే విధంగా గింజలు వాడిన పాంగి సోని పేరును తొలగిస్తూ మే 12న చేసిన తీర్మానం సరైనదే అయితే, అది నాకూ వర్తిస్తుంది. నేను తప్పు ఒప్పుకోవడం లేదు. కనుక వచ్చే ఆదివారం నా పేరు కూడా మైకులో చదివించగలరు. చదవడానికి నేను అందుబాటులో ఉండను. కొర్రా ఫల్గుణ.”

నీ కోసం ఇది రాశానని అనుకోకు. పదకొండు ఊళ్ళలో నియమం అందరికీ ఒక్కటేనని చెప్పినవాణ్ణి నేను. మే 26న నువ్వు నవ్వినందుకు నాకు ఇంకా కోపం పోలేదు. నేను చదివినందుకు నీకు పోయి ఉండదు. పోవాలని అడగను.

డాక్టరు పంపేదాకా రాకు. వచ్చాక మనం మాట్లాడుకోనక్కరలేదు. నువ్వు కాళ్ళ వైపు పట్టుకో, తల వైపు నేను పట్టుకుంటాను.

ఫల్గుణ.